నాలుగు బారల కేబులు

కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పే గౌరవం మామూలుగా ఇంజినీర్లకే దక్కుతుంది. ఈసారి అది కేబుల్ మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చింది.

సోమవారం పొద్దున్నే ఇంజినీరు అతన్ని తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ గదిలో కుర్చీ చూపించడం అదే మొదటిసారి. కూర్చోమంటున్నాడో, కుర్చీ విరిగింది చూడమంటున్నాడో అర్థంకాక మేస్త్రి కాసేపు నిలబడి, చివరికి అంచు మీద ఆనీ ఆననట్టు కూర్చున్నాడు.

"గురువారం ధరల మండలి విచారణ ఉంది. నువ్వొచ్చి రెండు ముక్కలు చెప్పాలి" అన్నాడు ఇంజినీరు.

"ఏం ముక్కలు సార్?"

"చివరి కాలనీ లైను వేసింది నువ్వే కదా. మన మిషను చూపించిన పొడవు సరైనదేనా అని అడుగుతారు. అవునంటావు. ఇంటికెళ్ళిపోతావు."

ఊరంతటికీ టెలిఫోను కంపెనీ ఒక్కటే. ఒక్కటే కాబట్టి తోచిన ధర పెట్టుకునే వీల్లేకుండా, ఏ లైనుకి ఎంత అద్దె వసూలు చెయ్యాలో ధరల మండలి నిర్ణయిస్తుంది. మండలి పెట్టిన పద్ధతి తేలికైనదే. ఎక్స్ఛేంజి నుంచి లైను పొడవు అయిదు కిలోమీటర్ల లోపుంటే ఒక అద్దె, దాటితే దానికి ఒకటిన్నర రెట్లు. చివరి కాలనీని ఇన్నాళ్ళూ పటం చూసి అయిదు లోపలే వేశారు. ఈ ఏడు కంపెనీ ఒక కొత్త మిషను కొంది. దాని రెండు వైర్లు ఎక్స్ఛేంజిలో తగిలిస్తే చాలు, అవతలి చివర ఎంత దూరాన ఉందో రెప్పపాటులో చెప్పేస్తుంది. చివరి కాలనీకి అది అయిదు వేల నూట ఎనభై ఆరు మీటర్లని చెప్పింది. గోడలు ఎక్కడివక్కడే ఉండగా అరవై ఇళ్ళు ఒక్క పూటలో దూరమైపోయాయి. ఆ ఇళ్ళకి పెద్ద అద్దె వేస్తామని కంపెనీ మండలికి అర్జీ పెట్టుకుంది. కాలనీవాళ్ళు కుదరదన్నారు. అందుకే విచారణ.

"మిషను సంగతి నాకేం తెలుసు సార్" అన్నాడు మేస్త్రి.

"నీ లైను సంగతి తెలుసుగా."

ఆ మాటకి మేస్త్రి కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చున్నాడు. తన లైను సంగతి అతనికి తెలియకపోవడమేమిటి. ఎక్స్ఛేంజి నుంచి కాలనీ దాకా నలభై ఎనిమిది మ్యాన్‌హోళ్ళు, నలభై ఎనిమిది అతుకులు, అన్నీ తన చేతివి. వానాకాలం ఊళ్ళో సగం ఫోన్లు గరగరలాడుతుంటే ఆ లైను మాత్రం పక్క గదిలోంచి మాట్లాడినట్టు పలుకుతుంది. ఆ గర్వం అతనికి మెండుగా ఉంది, దాచుకునే అలవాటు లేదు.

"ఫోర్‌మన్ పోస్టు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. విచారణ అయ్యాక చూద్దాం" అన్నాడు ఇంజినీరు, పెన్ను మూత పెడుతూ.

మంగళవారం మధ్యాహ్నం మేస్త్రి అక్కగారింటికి భోజనానికి వెళ్ళాడు. అక్కగారిల్లు చివరి కాలనీలో చివరి వీధిలో చివరిది. దాని తర్వాత కంచె, కంచె తర్వాత ఖాళీ నేల. ముందు గదే బావ కొట్టు. బావ తాళాల మేస్త్రి. బల్లకున్న ఇనప వైసులో ఒక తాళంచెవి బిగించి, దాని పళ్ళు కొవ్వొత్తి పొగకి నల్లగా పట్టించి, తాళంలో తిప్పి తీసి, మసి చెరిగిన చోట ఆకురాయితో రెండంటే రెండు గీతలు అరగదీస్తున్నాడు. బామ్మర్దిని చూసి తల కూడా ఎత్తలేదు.

"రావోయ్ కంపెనీ సాక్షీ. ఎక్స్ఛేంజి నుంచి ఇక్కడికి నడిచే వచ్చావా, రైల్లో వచ్చావా? మా ఇల్లు బాగా దూరమైపోయిందట కదా."

"మిషను చెప్పింది బావా. నేను చెప్పలేదు."

"మిషనుకి మా మీద ఏం కోపమో."

గూట్లో ఫోను ఉంది. దాని మీద అక్క కుట్టిన పూల గుడ్డ కప్పి ఉంది. మేస్త్రి చెయ్యి కడుక్కుని వస్తుంటే అక్క ఆ గుడ్డ సర్దుతూ నిలబడింది.

"తమ్ముడూ, ఒక మాట చెప్తాను, మనసులో పెట్టుకోకు. మీ బావ ఈ నెలాఖరుకి ఫోను తీసేయించేద్దామంటున్నారు. ఒకటిన్నర రెట్లంటే మా వల్ల కాదురా."

"తీసేస్తే ఎలా? బేరాలన్నీ ఫోను మీదేగా వచ్చేది."

"ఎలా ఏముంది" అన్నాడు బావ. "ఊరి మధ్య ఎక్కడో మెట్ల కింద గోనెపట్టా పరుచుకు కూర్చోవాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నవాడు నన్ను వెతుక్కుంటూ అయిదు కిలోమీటర్లు నడుస్తాడా? క్షమించాలి, అయిదు కిలోమీటర్ల నూట ఎనభై ఆరు మీటర్లు."

ఎగతాళిగానే అన్నాడు కానీ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులవాడు, మెట్ల కింద కూర్చోవడం ఎలా ఉంటుందో ముగ్గురికీ కళ్ళకి కట్టింది. అయినా మిషను చెప్పింది మిషను చెప్పిందే కదా అనుకున్నాడు.

మేస్త్రి కంచం ముందు కూర్చునేసరికి వాకిట్లో సైకిలు ఆగింది. దిగింది డ్రిల్లు మాస్టారు. బడిలో పిల్లల్ని ముప్ఫై ఏళ్ళు పరిగెత్తించి రిటైరయ్యాక ఆయనకి పరిగెత్తించడానికి ఎవరూ లేక కాలనీ తరఫున కంపెనీని పట్టుకున్నాడు. సైకిలు ముందు చక్రానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది.

"రెండోసారి కూడా కొలిచాను" అన్నాడాయన, గాలి పీల్చుకుంటూ. "ఎక్స్ఛేంజి గేటు నుంచి ఈ గడప దాకా చక్రం ఎన్నిసార్లు తిరిగిందో ఒక్కటీ పోకుండా లెక్కపెట్టాను. నాలుగు వేల ఎనిమిది వందల యాభై మీటర్లు. మొన్నా అంతే, ఇవాళా అంతే. మీ మిషను తప్పు."

మేస్త్రి నవ్వాడు. "మాస్టారూ, అది ఇంతింత ఖరీదు పెట్టి కొన్న మిషను. మీది గుడ్డ పీలిక."

"సరే, మిషనే ఒప్పు" అన్నాడు బావ, తాళంచెవిని వెలుతురుకి ఎత్తి చూస్తూ. "మాస్టారి చక్రమూ ఒప్పే. రోడ్డు అంతే ఉంది, నీ లైను రోడ్డు పక్కనే తిన్నగా వచ్చింది. ఎక్కడా మెలిక లేదని నువ్వే వెయ్యిసార్లు డప్పు కొట్టుకున్నావు. మరి మిగతా మూడొందల ముప్ఫై ఆరు మీటర్లు ఎక్కడుందోయ్?"

మేస్త్రి నోరు తెరిచాడు. అన్నం ముద్ద పెట్టుకుని మూసేశాడు. తన లైను గురించి ఒకరడిగిన ప్రశ్నకి తన దగ్గర జవాబు లేకపోవడం అదే మొదలు, అది ముల్లులా దిగబడింది.

బుధవారం పొద్దున ఇరవై మూడో మ్యాన్‌హోల్లో పని పడింది. మూత అంచు పగిలి లోపలికి మట్టి దిగిందని, అతుకు ఒకసారి విప్పి చూడాలని. మేస్త్రితో వచ్చిన జతగాణ్ణి అందరూ గొడుగాయన అంటారు. రోడ్డు మీద మ్యాన్‌హోలు పక్కన నిలబడి, వచ్చే బళ్ళకి చెయ్యి అడ్డం పెట్టడం ఆయన పని. ఎండున్నా లేకున్నా గొడుగు విప్పే ఉంటుంది.

ఇద్దరూ కలిసి మూత లేపారు. నీళ్ళు తోడి, గాలి ఆడనిచ్చి, మేస్త్రి నిచ్చెన దిగాడు. గోడకున్న కొక్కేల మీంచి కేబులు తీసి, రెండు చేతులా లాగి, మ్యాన్‌హోలు గదిలోనే స్టాండు మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. నడుం ఎత్తులో, వెలుతురు పడే చోట, ముక్కాలి పీట మీద హాయిగా కూర్చుని అతుకు విప్పాడు. లోపల చెమ్మ లేదు. జంటలు జంటలుగా వైర్లు, తను పేనినవి పేనినట్టే. ఎవరి పనైనా బాగుంటే మెచ్చుకోవడం అతని అలవాటు, తన పని అయితే ఇంకాస్త ఎక్కువగా మెచ్చుకుంటాడు.

"భేషుగ్గా ఉంది" అని పైకి అరిచాడు.

"ఇలా కూర్చుని చేసుకునే వైభోగం మీ లైను మీదే మేస్త్రీ" అన్నాడు గొడుగాయన పైనుంచి. "పాత బజారు లైను మీద అయితే నీళ్ళలో గొంతుక్కూర్చోవాలి. కేబులు జానెడు కూడా పైకి రాదు."

"నేను ప్రతి గదిలో కేబులు చుట్ట వదిలానుగా. ఎంతంటే..."

మేస్త్రి చెయ్యి అతుకు మీదే ఆగిపోయింది.

పని నేర్పిన పెద్దాయన దగ్గర పట్టుకున్న అలవాటది. ప్రతి మ్యాన్‌హోల్లో గోడ చుట్టూ కేబులు అదనంగా చుట్టి వదలాలి. రేపు అతుకు పాడై ఒక ముక్క కోసెయ్యాల్సి వచ్చినా, కూర్చుని పని చెయ్యడానికి పైకి లాగాల్సి వచ్చినా కేబులు అందాలి. పెద్దాయన కొలత నాలుగు బారలు. మేస్త్రి కొలతా అదే. స్టాండు మీది కేబుల్ని మెల్లగా కిందికి దింపి, గోడ దగ్గర నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి కొలిచాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఒక్కో బారా అయిదడుగుల తొమ్మిదంగుళాలు, తన చేతులు తనకి తెలుసు. నాలుగు బారలు ఏడు మీటర్లు. ఏడు నలభై ఎనిమిదులు మూడొందల ముప్ఫై ఆరు.

ముందు నవ్వొచ్చింది. నూతిలాంటి ఆ గదిలో నవ్వు గుండ్రంగా తిరిగింది. ఆ వెంటనే సిగ్గేసింది. అక్క ఫోనుకి అద్దె పెంచింది మిషనూ కాదు, ఇంజినీరూ కాదు. ఈ రెండు చేతులే.

"ఏం దొరికింది మేస్త్రీ, నిధా?" అన్నాడు గొడుగాయన, తల లోపలికి వంచి.

"మా బావ వస్తువు. నా దగ్గరే ఉంది, నాకే తెలీలేదు."

ఒక్కచోట చూసి నమ్మే రకం కాదతను. ఆ మధ్యాహ్నం దారిలో మరో మూడు మూతలు తీయించి కొలిచాడు. నాలుగు, నాలుగు, నాలుగు. తిన్నగా ఇంజినీరు గదికి వెళ్ళి, ఈసారి కుర్చీ కోసం చూడకుండా నిలబడే అంతా చెప్పాడు.

ఇంజినీరు విన్నాడు. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"మండలి ఉత్తర్వులో ఏముంది? లైను పొడవు అని ఉంది. చుట్ట లైనులో భాగం కాదా? కరెంటు దానిలోంచి పోవట్లేదా?"

"పోతుంది సార్. కానీ ఆ చుట్ట నా వీపు నొప్పెట్టకుండా ఉండడానికి. దాని అద్దె వాళ్ళెందుకు కట్టాలి?"

"నిన్ను అడిగేది మిషను సరైనదేనా అని. అంతవరకే చెప్పు." ఇంజినీరు అలమరలోంచి ఒక పుస్తకం తీసి, పేజీ వెతికి, వేలు పెట్టి చూపించాడు. "ఇంకో సంగతి. కంపెనీ రూలు ప్రకారం ఒక్కో మ్యాన్‌హోల్లో వదలాల్సింది రెండు మీటర్లు. నువ్వు ఏడు వదిలావు. నలుగురిలో చెప్పావంటే అది రికార్డవుతుంది. ఇన్నేళ్ళూ కంపెనీ కేబులు పారబోశావని మెమో ఇవ్వక తప్పదు నాకు. ఫోర్‌మన్ కాగితం సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు."

మేస్త్రి ఆ పేజీ వైపు చూశాడు. ఫోర్‌మన్ కావాలని అతనికి చాలా ఉంది. లేదనుకుంటే అబద్ధం. ఫోర్‌మన్ నీళ్ళలో దిగక్కర్లేదు, పైనుంచి చెబితే చాలు. ఆ రాత్రి భార్యకి చెబితే ఆవిడ పప్పులో గరిటె తిప్పుతూ, "మీరు పైనుంచి చెప్పి ఊరుకుంటారా? మళ్ళీ దిగుతారు. ఆ మాత్రానికి ఫోర్‌మన్ ఎందుకు" అంది. అతనికి నిద్ర బాగానే పట్టింది.

విచారణ పాత గ్రంథాలయం హాల్లో. ఎత్తు బల్ల వెనక మండలి అధ్యక్షురాలు కూర్చుంది. జుట్టు నెరిసిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివరన పెట్టుకుని ప్రతి కాగితం తనే చదువుతోంది. ఒక వైపు కంపెనీ ప్లీడరు, ఇంజినీరు. రెండో వైపు డ్రిల్లు మాస్టారు, వెనక కాలనీ జనం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, వేళ్ళకి మసి మాత్రం పోలేదు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ప్లీడరు మాట తేనెలా ఉంది.

"ఈ లైను వేసింది మీరేనా?"

"నేనే."

"మిషను చూపించిన పొడవు అయిదు వేల నూట ఎనభై ఆరు మీటర్లు. సరైనదేనా?"

"సరైనదే. అంగుళం తేడా లేదు."

కాలనీ జనంలో గుసగుసలు లేచాయి. ప్లీడరు తృప్తిగా కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు లేచి, మైదానంలో అరిచే గొంతుతో, "మిషను తప్పని ఒప్పుకోండి" అన్నాడు.

"తప్పు కాదు మాస్టారూ."

"ఎండకి వేడెక్కి ఎక్కువ చూపించి ఉండొచ్చు కదా?"

"చూపించదు."

"మీరు కంపెనీ జీతం తింటున్నారు కాబట్టి అలా అంటున్నారు, అవునా?"

"జీతం తింటున్నమాట నిజం. మిషను కరెక్టన్నదీ నిజం."

మాస్టారి దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. బావ తల దించుకుని మసి వేళ్ళ వైపు చూసుకుంటున్నాడు. అధ్యక్షురాలు పెన్ను మూత తీసింది. "ఇంకేమీ లేకపోతే..." అంది.

"అలా కాదు మాస్టారూ" అన్నాడు మేస్త్రి. "మా బావ మొన్న అన్నం దగ్గర ఒక మాటడిగాడు. అది అడగండి."

మాస్టారు వెనక్కి తిరిగి బావని చూశాడు. బావ లేచి నిలబడ్డాడు. కొట్లో ఉన్నంత ధాటీ గొంతులో లేదు.

"ఏముందండీ. రోడ్డు నాలుగు వేల ఎనిమిది వందల యాభై. లైను తిన్నగా ఉంది. మిగతా కేబులు ఎక్కడుందని."

"నా దగ్గరుంది" అన్నాడు మేస్త్రి. "నలభై ఎనిమిది చోట్ల చుట్టి పెట్టాను, ఒక్కోచోట నాలుగు బారలు. అమ్మా, అది దూరం కాదు. మరమ్మతుకి వచ్చినప్పుడు మా చేతికి అందడానికి వదిలింది. మిషనుకి ఆ తేడా తెలీదు. అది పొడవు చూస్తుంది, దేనికోసం వదిలామన్నది చూడదు."

ప్లీడరు లేచాడు. "సాక్షి అక్కగారు ఆ కాలనీలోనే ఉంటున్నారని మనవి చేస్తున్నాను."

"ఉంది" అన్నాడు మేస్త్రి. "చివరి ఇల్లు. ఆవిడ ఉన్నా లేకున్నా చుట్ట ఏడు మీటర్లే. పదకొండో మ్యాన్‌హోలు ఈ హాలు గేటు ముందే ఉంది. మూత తీస్తే చూసుకోవచ్చు."

అధ్యక్షురాలు పెన్ను మూత పెట్టేసి లేచింది.

అందరూ గేటు బయటికి వచ్చారు. మూత తీశాక, మేస్త్రి వెంట వచ్చిన గొడుగాయన సగం దారి అడ్డుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఆయన గొడుగు నీడలో ధరల మండలి నిలబడింది, ఆ సంగతి ఆయన ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు. మేస్త్రి దిగి, కొక్కేల మీంచి కేబులు తీసి, గోడ పక్కన టేపు మొదలు పట్టుకుని రెండో కొస పైకి అందించాడు. ఇంజినీరు చెయ్యి చాపాడు. అధ్యక్షురాలు, "నేను పట్టుకుంటాను" అని మోకాళ్ళ మీద వంగి తనే పట్టుకుంది. మేస్త్రి చుట్ట పొడవునా టేపు పోనిచ్చి, కేబులు గోడలోకి పోయే చోట అంకె మీద వేలు పెట్టాడు, ఆవిడ పైనుంచి చదివింది. ఏడు మీటర్లు.

"మా రూలు ప్రకారం రెండు మీటర్లే వదలాలి మేడమ్" అన్నాడు ప్లీడరు, మేస్త్రి వైపు వేలు చూపిస్తూ. "ఇతను రూలు మీరాడు."

"అలాగా" అంది ఆవిడ, టేపు వదలకుండానే. "రూలు ప్రకారం వదిలి ఉంటే లైను పొడవెంత?"

ప్లీడరు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు రోడ్డు వైపు చూశాడు. డ్రిల్లు మాస్టారికి మాత్రం లెక్క నోటి చివరే ఉంది. "రెండు నలభై ఎనిమిదులు తొంభై ఆరు. నాలుగు వేల తొమ్మిది వందల నలభై ఆరు. అయిదు కిలోమీటర్ల లోపలే."

"అంటే మీ రూలు మీరే పాటించి ఉంటే మీకు ఈ అర్జీయే లేదు" అంది ఆవిడ ప్లీడరుతో. తర్వాత మ్యాన్‌హోల్లోకి వంగి, "ఎందుకయ్యా అంత వదిలావు?" అని అడిగింది.

"కిందికొచ్చి పీట మీద కూర్చుంటే తెలుస్తుందమ్మా" అన్నాడు మేస్త్రి. అతనికి ఆ క్షణంలో ఎవరంటేనూ భయం లేదు.

ఉత్తర్వు రెండు వారాలకి వచ్చింది. ఇక నుంచి దూరమంటే రోడ్డు వెంట కొలిచిన దూరమే, మ్యాన్‌హోళ్ళలో చుట్టి వదిలిన కేబుల్ని కంపెనీ లెక్కలోకి తీసుకోకూడదు అని. చివరి కాలనీ అద్దె మారలేదు. అదే వారం మేస్త్రికి మెమో వచ్చింది. రెండు వందల నలభై మీటర్ల కేబులు అదనంగా వాడినందుకు సంజాయిషీ ఇవ్వాలట. 'కేబులు ఎక్కడికీ పోలేదు, గదుల్లోనే ఉంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు' అని రాసిచ్చాడు. ఫోర్‌మన్ పోస్టు పాత బజారు లైను చూసే అతనికిచ్చారు. ఆ రోజంతా మేస్త్రికి అన్నం సయించలేదు. మర్నాడు సయించింది.

తర్వాతి నెలలో రోడ్డు వెడల్పు చేస్తూ నలభై ఒకటో మ్యాన్‌హోలుని నాలుగడుగులు పక్కకి జరిపారు. కొత్త గది, కొత్త అతుకు. మేస్త్రి వైర్లు పేని, అతుకు తొడుగు ఇంకా మూయకుండానే కేబులు గోడ చుట్టూ తిప్పి కొక్కేలకి ఎక్కిస్తున్నాడు. పైన బూట్ల చప్పుడైంది. గొడుగు పక్క నుంచి ఇంజినీరు తల లోపలికి వంగింది.

"ఎంత వదిలావు?"

"నాలుగు బారలు సార్."

"పుస్తకంలో రెండు మీటర్లని ఉంది."

"పుస్తకం రాసినాయన గదిలోకి దిగి ఉండడు సార్."

ఇంజినీరు ఇంకా కిందికి వంగాడు. గోడ చుట్టూ ఒద్దికగా కూర్చున్న కేబుల్ని చూశాడు. "ఇప్పుడైతే దీని అద్దె ఎవరూ కట్టక్కర్లేదు" అన్నాడు చివరికి. "సరే, ఉండనీ. పుస్తకం మార్చమని నేనే రాస్తాను." బూట్ల చప్పుడు దూరమైంది.

లైను పలుకుతోందో లేదో చూడాలి. మేస్త్రి నడుముకి వేలాడే టెస్టు ఫోను తీసి, అక్కగారింటికెళ్ళే వైర్ల జంట వెతికి, రెండు క్లిప్పులూ తగిలించాడు. బావతో ఒక విసురు విసురుదామని సిద్ధంగానే ఉన్నాడు. కానీ లైను ఖాళీగా లేదు. ఎవరో ఆడమనిషి కంగారుగా మాట్లాడుతోంది.

"తలుపు పడిపోయిందండీ, తాళంచెవి లోపలే ఉండిపోయింది. పొయ్యి మీద పాలున్నాయి. మీరు చాలా దూరమా?"

"దూరమేముందమ్మా" అన్నాడు బావ, పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా. "అయిదు కిలోమీటర్లు కూడా లేదు. వచ్చేస్తున్నా."

మేస్త్రి చప్పుడు కాకుండా క్లిప్పులు తీసేశాడు.